దొరల తగాదా, బానిసల తుపాకి: సాన్ డొమింగ్ 1791–1825

మాలో చాలామందిమి డిగ్రీలో చదువుకున్న ప్రపంచ చరిత్రలో ఫ్రెంచి విప్లవానికి ఒక పెద్ద అధ్యాయం ఉండేది. బాస్టిల్ కోట, గిలటిన్, మూడు రంగుల జెండా, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ ఉండేవి. ఫ్రాన్సు వలసల్లోని బానిసల గురించి మాత్రం రెండే రెండు వాక్యాలు. 1794లో విప్లవ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ మళ్లీ ప్రవేశపెట్టాడు. రెండు వాక్యాల్లోనూ కర్త పారిస్‌లోనే ఉన్నాడు. ఇచ్చినవాడూ వాడే, గుంజుకున్నవాడూ వాడే. ఇచ్చింది ఎవరికి, గుంజుకుంది ఎవరి దగ్గర అంటే ఆ పుస్తకంలో పేరు లేదు. వ్యాకరణంలో కర్మ స్థానం కూడా వాళ్లకు దక్కలేదు.

ఆ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో చెప్పడమే ఈ వ్యాసంలో మా పని. 1794కీ 1802కీ మధ్య పారిస్ పెద్దలకు హఠాత్తుగా మంచి బుద్ధి పుట్టీ లేదు, హఠాత్తుగా చెడ్డ బుద్ధి పుట్టీ లేదు. మారింది యుద్ధం. ఇంగ్లండు, స్పెయిన్, ఫ్రాన్సు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నప్పుడు బానిసల చేతికి తుపాకి వచ్చింది, తుపాకి వెనకాలే స్వేచ్ఛా పత్రం వచ్చింది. ఆ దొరలు రాజీపడగానే పత్రం చెల్లకుండా పోయింది. తుపాకి మాత్రం వాళ్లు తిరిగి ఇవ్వలేదు. హైతీ చరిత్రను మేము ఈ వరసలో చదువుతున్నాం.

ఇంగ్లండు–ఫ్రాన్సు తగాదా తెలుగు నేలకు కొత్తదేం కాదు. 1757 బొబ్బిలి యుద్ధంలో బుస్సీ ఫిరంగులు, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ల మీద కంపెనీ గెలుపు, మరుసటి ఏడు మచిలీపట్నం కోట చేతులు మారడం ఇవన్నీ బుర్రకథల్లోనో పరీక్ష పేపర్లలోనో మనం విన్నవే. అదే తగాదా అట్లాంటిక్ అవతల చక్కెర కోసం నడిచింది. ఆ రెండు ఒడ్డులకూ మధ్య ఒక నూలు దారం కూడా ఉంది. కోరమాండల్ తీరంలో నేసి నీలిమందు అద్దిన బట్టను గినీ బట్ట అనేవాళ్లు. పశ్చిమ ఆఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి ఇచ్చే సరుకుల్లో అదొకటి. మన సాలెవాళ్ల చెమట ఎక్కడెక్కడ ఏ లెక్కలో జమైందో ఎవరైనా ఓపికగా తవ్వితే బాగుండు.

సాన్ డొమింగ్ అంటే కరిబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో పడమటి మూడో వంతు. 1697 సంధితో ఫ్రాన్సుకు దఖలైంది. 1789 నాటికి యూరప్ వాడే చక్కెరలో దాదాపు 40 శాతం, కాఫీలో సగానికి పైగా అక్కడి నుంచే పోయేది. అంత చిన్న నేల అంత సరుకు ఎట్లా ఇచ్చిందంటే మనుషుల్ని పిప్పి చేసి ఇచ్చింది. అక్కడ దాదాపు 5 లక్షల మంది బానిసలు ఉండేవాళ్లు, తెల్లవాళ్లు 30 వేల చిల్లర. పుట్టేవాళ్ల కంటే చచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి 1780ల చివర్లో ఏడాదికి 30 వేల మందికి తగ్గకుండా ఆఫ్రికా నుంచి ఓడల్లో దించుతూనే ఉన్నారు. బానిసల్లో సగానికి పైగా ఆఫ్రికాలో పుట్టినవాళ్లే, అంటే స్వేచ్ఛ ఎట్లా ఉంటుందో చూసి వచ్చినవాళ్లే.

ఈ రెండు గుంపుల మధ్య ఇంకో పొర ఉంది. తెల్ల తండ్రికీ నల్ల తల్లికీ పుట్టినవాళ్లు, ఏదో రకంగా విడుదల పొందిన నల్లవాళ్లు కలిసి మరో 28 వేల మంది దాకా స్వేచ్ఛాజీవులు. వీళ్లలో ఆస్తిపరులున్నారు, కాఫీ తోటలున్నవాళ్లున్నారు, బానిసల్ని కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. అయినా తెల్లవాడి ఇంటిపేరు పెట్టుకోకూడదని 1773లో ఒక ఉత్తర్వు, తెల్లవాళ్లలాగా బట్టలు కట్టకూడదని 1779లో ఇంకొకటి. మొరో ద సాన్ మెరీ అనే వలస పండితుడు మనిషి రక్తాన్ని 128 భాగాలు చేసి, అందులో తెల్లపాలు ఎంత, నల్లపాలు ఎంత అని లెక్కగట్టి ఒక్కో మెట్టుకు ఒక్కో పేరు పెట్టాడు. మనువు పుస్తకంలో సంకర జాతుల పట్టిక చూసినవాళ్లకు ఇదేం వింతగా ఉండదు. అంబేద్కర్ శ్రేణీకృత అసమానత అన్నది దీన్నే. పైవాడు తొక్కుతున్నాడని ఏడుస్తూనే కిందివాడు తనకంటే కింద ఉన్నాడని ఊరట పొందే ఏర్పాటు అది.

విప్లవం రాగానే మొదట గొంతెత్తింది ఈ మధ్య పొరే. మేమూ ఆస్తిపరులం, పన్ను కడుతున్నాం, పారిపోయిన బానిసల్ని పట్టిచ్చేదీ మేమే, మాకు ఓటెందుకు లేదని అడిగారు. 1790 అక్టోబరులో విన్సెంట్ ఓజే ఆయుధాలు పట్టాడు. బానిసల్ని మాత్రం పిలవలేదు, కావాలనే పిలవలేదు. ఓడిపోయాడు. 1791 ఫిబ్రవరిలో కాప్ పట్టణం నడిబొడ్డున అతని ఎముకలు విరగ్గొట్టి చక్రానికి కట్టి చంపారు. ఆ మే నెలలో పారిస్ జాతీయ సభ స్వేచ్ఛాజీవుల్లో కొద్దిమందికి హక్కులిచ్చింది, సెప్టెంబరులో వెనక్కి తీసుకుంది, 1792 ఏప్రిల్‌లో మళ్లీ అందరు స్వేచ్ఛాజీవులకూ ఇచ్చింది. మూడోసారి ఎందుకిచ్చింది? అప్పటికి ఉత్తర మైదానం తగలబడుతోంది. బానిసల తిరుగుబాటు అణచడానికి ఈ మధ్య పొర సాయం అవసరమైంది.

1791 ఆగస్టు 22 రాత్రి మొదలైన ఆ తిరుగుబాటుకు ముందు వారం రోజుల పాటు అడవిలో రహస్య సమావేశాలు జరిగాయి. తోట నుంచి తోటకు కబురు నడిచింది. బండ్లు తోలేవాళ్లు, మేస్త్రీలు, వంటవాళ్లు, తోటల మధ్య తిరగడానికి అనుమతి ఉన్నవాళ్లంతా ఆ కబురు మోశారు. చదువు రాని వేలాది మంది ఒకే రాత్రి ఎట్లా లేచారని వలస దొరలు ఏళ్ల తరబడి ఆశ్చర్యపోయారు. పారిస్ కుట్ర అన్నారు, ఇంగ్లీషు గూఢచారులు అన్నారు, రాజపక్షం వాళ్లు అన్నారు. బానిసలు తమంతట తాము ఆలోచించి ఉంటారన్న ఊహ మాత్రం వాళ్ల బుర్రలోకి ఎక్కలేదు. ఇప్పటికీ మన పల్లెల్లో కూలి కోసం మాలమాదిగలు గట్టిగా నిలబడితే ‘వీళ్ల వెనక ఎవరో ఉన్నారు’ అనే మాటే ముందు పుడుతుంది కదా.

నాయకులంతా మొదటి రోజు నుంచీ సంపూర్ణ విముక్తి కోరారని చెప్పుకుంటే మనకు బాగానే ఉంటుంది గానీ అది నిజం కాదు. 1791 డిసెంబరులో జాన్ ఫ్రాన్స్వా, బియాసు అనే సేనానులు బేరానికి దిగారు. కొద్ది వందల మంది నాయకులకు స్వేచ్ఛ ఇస్తే మిగతావాళ్లను తోటలకు తోలిస్తామన్నారు. తిరుగుబాటుకు చాలా ముందే విడుదల పొందిన టూసాన్ లూవెర్చూర్ కూడా ఆ బేరంలో ఉన్నాడు. దొరల సభ అహంకారంతో ఆ కొంచెమూ ఇవ్వనంది. మూడేళ్లలో మొత్తం పోగొట్టుకోబోయేవాళ్లు ఆ పూట వందల దగ్గర పిసినారితనం చేశారు.

అసలు మలుపు 1793. జనవరిలో పారిస్‌లో రాజు తల తీశారు. ఫిబ్రవరిలో ఇంగ్లండుతో, మార్చిలో స్పెయిన్‌తో యుద్ధం. దీవిలో తూర్పు భాగం స్పెయిన్‌ది. ఆ స్పెయిన్ దొరలు తిరుగుబాటు సైన్యాలకు తుపాకులు, జీతాలు, బిరుదులు ఇచ్చి తమ వైపు తిప్పుకున్నారు. టూసాన్ కూడా స్పెయిన్ కొలువులో చేరాడు. ఇటు ఫ్రాన్సు పంపిన కమిషనర్ సొంతొనాక్స్ ఇరుక్కుపోయాడు. అతను వచ్చింది బానిసల్ని విడిపించడానికి కాదు, తిరుగుబాటు అణచడానికి. జూన్‌లో గాల్బో అనే తెల్ల గవర్నరు, నావికులు, వలస దొరలు కలిసి అతని మీదే తిరగబడ్డారు. చేతిలో సైన్యం లేని కమిషనర్ కాప్ పట్టణం చుట్టూ ఉన్న తిరుగుబాటు బానిసలకు కబురు పెట్టాడు. మా తరఫున పోరాడితే మీకు స్వేచ్ఛ అన్నాడు. వాళ్లు వచ్చారు, ఊరు తగలబడింది, గాల్బో ఓడలెక్కి పారిపోయాడు. అప్పుడు సిపాయిల భార్యల సంగతేమిటి, పిల్లల సంగతేమిటి అన్న ప్రశ్న వచ్చింది. ఒకసారి తలుపు కొంచెం తీశాక మిగతావాళ్లను బయట నిలబెట్టడం కుదరలేదు. ఆగస్టు 29న ఉత్తర రాష్ట్రంలో బానిసత్వం రద్దయినట్టు సొంతొనాక్స్ ప్రకటించాడు. మూడు వారాలకు, దీవిలోని తెల్ల తోటల యజమానులే పిలవగా ఇంగ్లీషు సైన్యం జెరెమీ రేవులో దిగింది. వాళ్లకు దేశం కన్నా బానిసలే ముఖ్యం.

ఇదంతా అయ్యాక గానీ పారిస్ సభ కదల్లేదు. సాన్ డొమింగ్ నుంచి ముగ్గురు ప్రతినిధులు అక్కడికి వెళ్లారు: ఒక నల్లవాడు, ఒక మిశ్రజాతివాడు, ఒక తెల్లవాడు. నల్లవాడి పేరు జాన్ బాప్టిస్ట్ బెలే, సెనెగల్లో పుట్టి బానిసగా అమ్ముడుపోయి తన విడుదల తానే సంపాదించుకున్నవాడు. 1794 ఫిబ్రవరి 4న సభ రద్దు చట్టం చేసింది. అంటే దీవిలో అప్పటికే జరిగిపోయిన దానికి రాజముద్ర వేసింది. మన పాఠ్యపుస్తకంలోని మొదటి వాక్యం ఇదీ.

ఆ వేసవికి టూసాన్ స్పెయిన్‌ను వదిలి ఫ్రాన్సు వైపు వచ్చేశాడు. పారిస్ చట్టం కబురు అతనికి ముందే చేరిందా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. మాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఇంకోటి. స్పెయిన్, ఇంగ్లండు తాము గెలిచిన ఊళ్లలో బానిసత్వాన్ని అట్లాగే ఉంచాయి. ఫ్రాన్సు ఒక్కటే, గతిలేకనైనా సరే, రద్దు అంది. టూసాన్ జెండా మార్చాడని ద్రోహి అన్నవాళ్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

ఈ నింద మనకు బాగా పరిచయం. 1818 జనవరి 1న కోరేగావ్‌లో పీష్వా సైన్యం మీద కంపెనీ తరఫున నిలబడ్డ మహర్ సిపాయిలనూ, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న అంబేద్కర్‌నూ ఈ తూకంలోనే తూచారు. పీష్వా రాజ్యంలో మహర్‌కి ఏం ఉందని దాని కోసం చావాలి అని అడిగితే జవాబు రాదు. కానీ కోరేగావ్‌కు రెండో సగం కూడా ఉంది, దాన్ని మనవాళ్లు తక్కువగా చెబుతారు. పోటీ రాజ్యాలన్నీ అణిగిపోయాక, 1890ల మొదట్లో, ఇంగ్లీషువాళ్లు సైన్యంలో మహర్ల భర్తీ ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక 1917లో ఒక మహర్ దళాన్ని లేపారు. యుద్ధం అయిపోయింది, 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధం వచ్చింది, 1941లో మహర్ రెజిమెంటు వచ్చింది. ఈ తారీఖుల పక్కన సాన్ డొమింగ్ తారీఖులు పెట్టి చూడండి.

ఇంగ్లండు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బానిస వ్యాపారం రద్దు చేసిన పుణ్యాత్ముల దేశంగా దానికి పేరు. సాన్ డొమింగ్‌కు 20 వేలకు పైగా సైన్యాన్ని పంపి, సగానికి పైగా జ్వరాలకూ పోరాటాలకూ బలిచ్చి, 1798లో టూసాన్‌తో ఒప్పందం చేసుకుని ఓడలెక్కింది. తెల్ల సిపాయిలు చాలక 1795 నుంచి 1808 దాకా ఇంగ్లీషు సైన్యం తన వెస్టిండియా పటాలాల కోసం 13,400 మంది బానిసల్ని డబ్బిచ్చి కొన్నది. ఆ 1807లోనే అదే దేశం బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

టూసాన్ పాలన గురించి మాకు పూర్తి సంబరం లేదు. 1801 రాజ్యాంగంలో బానిసత్వం శాశ్వతంగా రద్దు అని రాశాడు, తనను తాను జీవితాంతం గవర్నరుగా కూడా రాసుకున్నాడు. విడుదలైన మనిషి తన పాత తోటలోనే పనిచేయాలి, వదిలి వెళ్లకూడదు, సైనికులు కాపలా. పంటలో నాలుగో వంతు కూలీలకు అన్నారు. చక్కెర అమ్మితేనే తుపాకులు వస్తాయి, తుపాకులుంటేనే స్వేచ్ఛ ఉంటుంది అన్నది అతని లెక్క. కూలీల లెక్క వేరు. వాళ్లకు ఎవరి చెరకు తోటా వద్దు, ఎకరమో అరెకరమో సొంత చేను కావాలి. 1801 అక్టోబరులో ఉత్తరాన కూలీలు లేచారు. వాళ్ల వైపు ఉన్నాడని తన సొంత మనిషి, మేనల్లుడిగా పెంచుకున్న మొయీజ్‌ను టూసాన్ కాల్పించాడు. శత్రువు ఓడ ఎక్కబోతున్న సమయంలో తన బలగాన్ని తానే నరుక్కున్నాడు.

ఎందుకంటే ఆ నెల మొదట్లోనే లండన్‌లో ఇంగ్లండు, ఫ్రాన్సు ప్రాథమిక సంధి మీద సంతకాలు పెట్టాయి. 1802 మార్చిలో ఆమియాన్‌లో పూర్తి సంధి అయింది. సముద్రం తెరుచుకుంది. నెపోలియన్ తన బావమరిది లెక్లెర్‌ను మొదటి విడత 20 వేల సైన్యంతో పంపితే, నిన్నటి దాకా ఫ్రెంచి ఓడ కనిపిస్తే పేల్చిన ఇంగ్లీషు నౌకాదళం పక్కకు తప్పుకుని దారిచ్చింది. దొరలిద్దరికీ ఒక్క విషయంలో తేడా లేదు: నల్లవాడి రాజ్యం మరో దీవికి అంటుకోకూడదు. సంధి ప్రకారం ఇంగ్లండు మార్టినిక్‌ను ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చింది. ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్నందున అక్కడ రద్దు చట్టం ఏనాడూ అమలు కాలేదు. 1802 మే 20 చట్టం సంధితో తిరిగొచ్చిన వలసల్లో బానిసత్వం యథాతథం అంది. విముక్తి అమలైన గ్వాడెలూప్‌లో మాత్రం సైన్యం దిగి మళ్లీ సంకెళ్లు వేసింది. అక్కడ లూయి దెల్‌గ్రెస్ అనే సేనాని లొంగకుండా మే 28న మతూబాలో తన సిపాయిలతో సహా మందుగుండు పేల్చుకుని చనిపోయాడు.

టూసాన్‌ను జూన్‌లో మాటలకని పిలిచి బంధించారు. 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్సులోని మంచు కొండల కోట జూలో చలికి, జబ్బుకి చనిపోయాడు. పారిస్ సభలో కూర్చున్న ఆ బెలే ఏమయ్యాడు? లెక్లెర్ ఓడల్లోనే దీవికి తిరిగొచ్చి, అక్కడే అరెస్టయి, ఫ్రాన్సుకు తరలించబడి 1805లో ఖైదులో పోయాడు.

టూసాన్ పోయాక అతని సేనానులు క్రిస్తోఫ్, డెసలీన్ ఆ వేసవంతా లెక్లెర్ కొలువులోనే ఉన్నారు, తిరగబడ్డ కూలీల్ని వేటాడారు కూడా. తుపాకులు అప్పగించమంటే అప్పగించనిది పేరు లేని జనం. గ్వాడెలూప్ కబురు వాళ్లకు చేరింది. వాళ్లు కొండలెక్కి పోరాడుతుంటే, సైన్యం పచ్చజ్వరంతో రాలిపోతుంటే, అక్టోబరుకు గానీ ఆ సేనానులు ఇటు తిరగలేదు. నవంబరులో లెక్లెర్ కూడా జ్వరంతోనే పోయాడు. అతని తర్వాత వచ్చిన రొషాంబో క్యూబా నుంచి వేటకుక్కల్ని తెప్పించి మనుషుల మీదికి వదిలాడు, ఖైదీల్ని సముద్రంలో ముంచాడు.

1803 మేలో ఇంగ్లండు, ఫ్రాన్సు మళ్లీ కొట్టుకున్నాయి. సంధి నిలిచింది ఏడాది పైచిలుకు మాత్రమే. ఇంగ్లీషు ఓడలు రేవుల్ని మూసేయడంతో రొషాంబోకు తిండీ మందుగుండూ ఆగిపోయాయి. నవంబరు 18న వెర్తియేర్ దగ్గర డెసలీన్ సైన్యం గెలిచింది. 1804 జనవరి 1న కొత్త దేశం పుట్టింది. దానికి ఆ నేల ఆదివాసులు పెట్టిన హైతీ అన్న పేరే పెట్టుకున్నారు. మరుసటి ఏటి రాజ్యాంగం హైతీ పౌరులంతా ఏ రంగు ఒంటివాళ్లైనా నల్లవాళ్లుగానే పిలవబడతారంది. 128 భాగాల పట్టికకు అదే జవాబు.

1804 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా డెసలీన్ మిగిలిన ఫ్రెంచివాళ్లను వేల సంఖ్యలో చంపించాడు, అందులో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. దాన్ని మేము దాచం, సమర్థించం. అయితే ఈ మూడు నెలల గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లు వందేళ్ల చక్కెర తోటల చావుల్ని ఒక అంకెలో తేల్చేయడం కూడా చరిత్ర రచనే అనుకుంటే మాకు అభ్యంతరం ఉంది.

ఈ ఓటమితో అమెరికాల మీద నెపోలియన్ ఆశ వదులుకున్నాడు. చక్కెర దీవి లేకపోతే దానికి తిండిగింజలు పంపాల్సిన లూసియానా ఎందుకు? 1803 ఏప్రిల్ 30న ఆ విశాలమైన నేలను కోటిన్నర డాలర్లకు అమెరికాకు అమ్మేశాడు. అమెరికా వైశాల్యం దాదాపు రెట్టింపైంది. ఆ నేల ఆదివాసులది, వాళ్లను ఎవరూ అడగలేదు. అందులో దక్షిణ భాగమంతా బానిసల పత్తి తోటలూ చెరకు తోటలూ అయింది. సాన్ డొమింగ్ బానిసల గెలుపు ఫలం మిసిసిపీ ఒడ్డున బానిసల యజమానుల ఇంట్లో పడింది. ప్రపంచంలో అధికారం చేతులు మారిన ఇంత పెద్ద ఘట్టానికి కారకులైనవాళ్ల పేరు ఆ దేశం వెంటనే తుడిచేయడానికి చూసింది. టూసాన్‌తో 1799లో వ్యాపారం చేసి, 1800లో జాక్‌మెల్ ముట్టడిలో తన యుద్ధ నౌకతో సాయపడ్డ అమెరికా, జెఫర్సన్ కాలంలో, 1806లో, హైతీతో వ్యాపారమే నిషేధించింది. గుర్తింపు ఇచ్చింది 1862లో, దక్షిణాది బానిసల యజమానులు కాంగ్రెసు వదిలి వెళ్లిపోయాక. బొలివార్ 1816లో హైతీ అధ్యక్షుడు పెతియోన్ దగ్గర తుపాకులు తీసుకున్నాడు, బదులుగా బానిసల్ని విడిపిస్తానని మాటిచ్చాడు. 1826లో పనామాలో కొత్త దేశాల సభ జరిగితే హైతీకి పిలుపు రాలేదు.

ఇక అప్పు. నెపోలియన్ పోయాడు, యూరప్ రాజులంతా ఒక్కటయ్యారు, హైతీ ఎవరి తగాదాలోనూ దూరే సందు లేకుండా పోయింది. 1825 జూలైలో రాజు పదో చార్లెస్ పంపిన 14 యుద్ధ నౌకలు రేవులో నిలబడ్డాయి. స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు, ఐదు వాయిదాల్లో, పైగా ఫ్రెంచి సరుకు మీద సగం సుంకమే. తోటల నష్టం, అందులో బానిసల ఖరీదు కూడా కలిపి కట్టిన లెక్క అది. మనుషులు తమ ఒంటి ఖరీదు తామే కట్టాలి. మొదటి వాయిదాకే పారిస్ బ్యాంకుల దగ్గర 3 కోట్ల ఫ్రాంకుల అప్పు రాశారు, చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. మన ఊళ్లో వడ్డీవ్యాపారి ముందే పట్టుకునే వడ్డీ లాంటిదే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, దానికి ఇంకో అప్పు. 1914 డిసెంబరులో అమెరికా నావికులు హైతీ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారం న్యూయార్క్‌కు తీసుకుపోయారు. మరుసటి ఏడు జర్మనీ దిగుతుందేమోనన్న సాకు కూడా చూపి దేశాన్నే ఆక్రమించి 1934 దాకా ఉన్నారు, రోడ్ల మీద వెట్టి చేయించారు.

అప్పుల గొలుసులో చివరి కిస్తీ న్యూయార్క్ బ్యాంకుకు చేరింది 1947లో. 2003లో అధ్యక్షుడు అరిస్టీడ్ ఆ సొమ్ము తిరిగి ఇవ్వమని ఫ్రాన్సును అడిగాడు, 2004లో పదవి పోయి దేశం వదలాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 17న, ఆ ఉత్తర్వుకు సరిగ్గా 200 ఏళ్లు నిండిన రోజున, ఫ్రాన్సు అధ్యక్షుడు దీన్ని పరిశీలించడానికి రెండు దేశాల చరిత్రకారులతో ఒక సంఘం వేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ ప్రకటనలో సొమ్ము తిరిగి ఇస్తామన్న మాట లేదు.